ఇంటి ఆర్కేడ్ మెషీన్: ఆడేవాడి లెక్క వేరు, అమ్మేవాడి లెక్క వేరు

ఇంట్లో నిలబెట్టుకుని పాత వీడియో గేములు ఆడుకునే పెట్టెలే ఇంటి ఆర్కేడ్ మెషీన్లు. ఒకే కంపెనీ తయారుచేసినవి రెండున్నాయనుకోండి. ఎత్తు ఒకటే, స్క్రీను ఒకటే, చెక్క ఒకటే, కొన్న ధర కూడా ఇంచుమించు ఒకటే. మూడేళ్ల తర్వాత అమ్మకానికి పెడితే ఒకటి సగం ధరకి కూడా కదలదు. రెండోదానికి పొద్దున ప్రకటన పెడితే సాయంత్రానికి ట్రక్కు వేసుకుని మనిషి వాకిట్లో ఉంటాడు. వెనక పలక విప్పి చూస్తే మాత్రం రెండింటి లోపలా చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

అమెరికాలో ఈ సరుకు సెకండ్ హ్యాండ్ బజారును కొన్నాళ్లు గమనించినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. దానికి కారణమే చాలామందికి అందదు. నాణ్యత ఉన్నదానికి ధర నిలుస్తుందని అనుకుంటారు. ఇక్కడ ఆ రెంటికీ చుట్టరికం చాలా దూరం. ఆట బాగా సాగాలంటే కావలసినవి జాయ్‌స్టిక్, బటన్లు, స్పీకరు. ఇవన్నీ ఎప్పుడంటే అప్పుడు విప్పి మార్చుకోగలిగినవి. తిరిగి అమ్మేటప్పుడు ధర పలికించేవి పెట్టె ఒళ్లు, దాని మీది బొమ్మలు, లోపలున్న ఆటల హక్కులు. వీటిలో ఏదీ మార్చుకోగలిగింది కాదు. కొనేవాళ్లు మొదటి జట్టు గురించి బెంగపడి, రెండోదాన్ని పైపైన చూసి డబ్బు కట్టేస్తారు.

ఈ చవక మెషీన్ల ఊపు 2018లో ఆర్కేడ్ వన్ అప్ అనే బ్రాండుతో మొదలైంది. అంతకుముందు ఇంట్లో ఆర్కేడ్ కావాలంటే పాత అసలు మెషీను వెతికి పట్టుకోవాలి, లేదా సొంతంగా చెక్క కోసి కట్టుకోవాలి. దయ్యాలను తప్పించుకుంటూ సందుల్లో తిరిగే ఆట పాక్‌మన్. 1980 నాటి దాని నిలువు మెషీను బరువు వంద కిలోల పైమాటే. లోపలుండేది 19 అంగుళాల పిక్చర్ ట్యూబు. మెట్ల మీంచి బేస్‌మెంట్‌లోకి దించాలంటే నలుగురు కావాలి. ఆర్కేడ్ వన్ అప్ దాన్ని ముప్పావు కొలతకి కుదించి, 17 అంగుళాల ఎల్‌సీడీ పెట్టి, ముక్కలుగా విడదీసి అట్టపెట్టెలో సర్ది, వాల్‌మార్ట్ లాంటి దుకాణాల్లో 300 డాలర్ల చుట్టుపక్కల ధరకి అమ్మింది. బిగించాక ఎత్తు నాలుగడుగుల లోపు. పిల్లలు నిలబడి ఆడతారు, పెద్దలకు స్టూలు కావాలి, లేదంటే అడుగున రైజర్ అనే పీఠం పెట్టాలి. మొదట్లో ఆ పీఠాన్ని విడిగా కొనుక్కోవలసి వచ్చేది. 2020 నాటికి ఎట్‌గేమ్స్ సంస్థ 24 అంగుళాల స్క్రీను, 300 ఆటలతో పెద్దవాళ్ల ఎత్తు మెషీనుతో పోటీకి దిగింది.

ముందు చెక్క సంగతి. నిజానికి దాన్ని చెక్క అనడం మర్యాద కోసమే. ఈ ధరలో దొరికే పెట్టెలు ఎమ్‌డీఎఫ్‌తోనో పార్టికల్ బోర్డుతోనో చేస్తారు. రంపంపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక ఎండలో, ఏసీ గదిలో ఏళ్లు బతుకుతుంది. నీళ్లు తగిలితే మాత్రం అటుకులా ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ లోపలికి పోదు. అందుకే పాత మెషీను చూడటానికి వెళ్తే స్క్రీను వైపు కాక ముందు నేలవైపు వంగి చూడాలి. పక్క పలకల కింది అంచు లావెక్కిందా? అంచు పట్టీ లేచిందా? బేస్‌మెంట్‌లో ఒకసారి నీళ్లు వచ్చిన ఇల్లయితే ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పకపోయినా ఆ అంచు చెబుతుంది. ఇది చవక సరుకుకే ఉన్న జబ్బు అనుకోనక్కర్లేదు. ఎనభైల నాటి అసలు మెషీన్లలోనూ పార్టికల్ బోర్డువి చాలా ఉన్నాయి. తడి గ్యారేజీల్లో పడి ఉన్నవి అడుగు నుంచే చివికిపోయాయి.

రెండో సంగతి బిగింపు. ముక్కలుగా వచ్చే ఫర్నిచర్‌లాగే ఇందులోనూ గుండ్రటి లోహపు క్యామ్ లాకులు, చెక్క మేకులు ఉంటాయి. ఒకసారి బిగిస్తే గట్టిగానే నిలుస్తాయి. విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ రంధ్రం గోడలు కొంచెం రాలతాయి. మూడో ఇల్లు మారేసరికి జాయ్‌స్టిక్ గట్టిగా లాగితే పెట్టె మొత్తం ఊగుతుంది. కాబట్టి ‘విప్పి ప్యాక్ చేసి ఇస్తాం’ అనే అమ్మకందారు ఉపకారం చేస్తున్నట్టు కనిపించినా, దాన్ని ఉన్నదున్నట్టుగా వ్యాన్లో ఎక్కించుకోవడమే మేలు. ముప్పై కిలోల చిల్లర బరువు ఇద్దరికి పెద్ద లెక్క కాదు.

స్క్రీను దగ్గర చాలామంది అంగుళాలు, రిజల్యూషన్ చూస్తారు. అసలు చూడవలసింది ఏ కోణంలోంచి చూస్తే రంగు ఎలా మారుతోందన్నది. చవక ఎల్‌సీడీల్లో టీఎన్ రకం పలకలకు పక్కల నుంచి చూస్తే పరవాలేదు, పైనుంచో కిందనుంచో చూస్తే రంగులు చెదురుతాయి. పాక్‌మన్, గలాగా లాంటివి నిలువు స్క్రీను ఆటలు. వాటికోసం పలకను తొంభై డిగ్రీలు తిప్పి బిగిస్తారు. దాంతో పైనా కిందా ఉండాల్సిన లోపం కుడి ఎడమలకు వస్తుంది. నట్టనడుమ నిలబడి ఆడేవాడికే ఒక కంటికి ఒక రంగు, ఇంకో కంటికి ఇంకో రంగు తోస్తుంది. పక్కన నిలబడి వంతు కోసం చూసే తమ్ముడికి సగం స్క్రీను వెలిసిపోయి కనిపిస్తుంది. ఐపీఎస్ రకం పలకకు ఈ బాధ లేదు. ఏ రకమో పెట్టె మీద రాసి లేకపోయినా, అడుగు పక్కకి జరిగి చూస్తే తేలిపోతుంది.

ఇంకో చిక్కు గణితానిది. పాక్‌మన్ బొమ్మ వెడల్పు 224 చుక్కలు, ఎత్తు 288. దాన్ని 1024 వెడల్పు, 1280 ఎత్తు ఉన్న పలక నిండా పరిస్తే ఒక్కో పాత చుక్కకి అడ్డంగా 4.57, నిలువుగా 4.44 కొత్త చుక్కలు రావాలి. అర చుక్క, పావు చుక్క ఉండవు కదా. కాబట్టి కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి, లేకపోతే అన్నీ కాస్త మసకబారతాయి. సరిగ్గా నాలుగింతలు చేసి చుట్టూ నల్ల అంచు వదిలితే బొమ్మ గీసినట్టుంటుంది, కానీ ‘స్క్రీను నిండలేదు’ అని కొనేవాడు గొణుగుతాడు. కంపెనీలు ఆ గొణుగుడికి భయపడి మసకనే ఎంచుకుంటాయి. ఇక ఆస్టరాయిడ్స్ (1979), స్టార్ వార్స్ (1983) లాంటి వెక్టర్ ఆటల సంగతి వేరు. ఆ మెషీన్లలో బొమ్మను చుక్కలతో కాక ఎలక్ట్రాన్ కిరణంతో నేరుగా గీతలుగా గీసేవారు. చీకటి గదిలో ఆస్టరాయిడ్స్ తూటా నిప్పురవ్వలా మెరిసేది. ఆ మెరుపు ఏ చవక ఎల్‌సీడీ వల్లా కాదు. ఆ లోటును క్షమించి కొనాలి, లేదా ఆ ఆటల జోలికి పోకూడదు.

చేతికి తగిలే భాగాల మీద ఫిర్యాదులు ఎక్కువ, మరమ్మతు తేలిక. పాక్‌మన్‌కి నాలుగు దిక్కుల స్టిక్కే కావాలి. ఎనిమిది దిక్కులదైతే మూల తిరిగేటప్పుడు ఐమూలగా పడి, ఆట ఏ దిక్కుకు తిప్పమన్నావని తడబడుతుంది. దయ్యం వెనకే ఉంటుంది. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి కొట్లాట ఆటలకు ఎనిమిది దిక్కులూ తప్పనిసరి. రెండు రకాల ఆటలూ ఒకే పెట్టెలో కుక్కి ఒకే స్టిక్ పెట్టారంటే ఏదో ఒకదానికి అన్యాయం జరిగినట్టే. అయితే జపాన్‌కు చెందిన సాన్వా స్టిక్కుల్లో కొన్నింటికి అడుగునున్న చట్రాన్ని తిప్పి నాలుగు దిక్కులకు మార్చుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లకు బటన్లు, స్టిక్కులు మార్చడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కాబట్టి పాత మెషీను చూసినప్పుడు బటను కూరుకుపోతోందంటే బెదరక్కర్లేదు, బేరానికి పనికొస్తుంది. స్టిక్కుకు బదులు అరచేత్తో దొర్లించే బంతి, అంటే ట్రాక్‌బాల్ ఉంటే మాత్రం జాగ్రత్తగా చూడాలి. బంతిని గట్టిగా తిప్పి చెయ్యి తీస్తే కాసేపు నునుపుగా దొర్లుతూ ఉండాలి. గరగరమని ఆగిందంటే బేరింగులు పోయినట్టు. దాని కొలతకు సరిపడే భాగం విడిగా దొరకడం కష్టం.

బటను నొక్కడానికీ తెరమీద దెబ్బ పడటానికీ మధ్య జాప్యం కూడా ఒక సమస్యే. దాన్ని కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వేలూ తెరా రెండూ కనపడేలా వీడియో తీస్తే చాలు. వేలు బటన్ను తాకిన ఫ్రేము నుంచి తెరమీద కదలిక వచ్చిన ఫ్రేము దాకా లెక్కపెట్టి, నాలుగు పాయింట్ రెండుతో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. పాత అసలు మెషీన్లలోనూ ఒకటి రెండు ఆట ఫ్రేముల జాప్యం ఉండేది కనుక సున్నా రాదు. ఎనభై దాటిందంటే ‘నేను నొక్కాను, వాడే తన్నలేదు’ అనే గొడవ ఇంట్లో మొదలవుతుంది. దీనికి మందు లేదు. ఇది లోపలి బోర్డు, స్క్రీను, ఆటను నడిపే సాఫ్ట్‌వేరు కలిసి చేసే తప్పు.

ఆ బోర్డు గురించి ఒక మాట. 1980 పాక్‌మన్ బోర్డులో జెడ్80 ప్రాసెసర్, దాని చుట్టూ విడివిడి చిప్పులు ఉండేవి. సర్క్యూట్ పటాలతో సహా మాన్యువల్ ఇచ్చేవారు. ఏ చిప్పు పోయిందో కనిపెట్టి మార్చే మెకానిక్కులు ఊరికొకరుండేవారు. ఇవాళ్టి చవక మెషీనులో అన్నీ ఒక చిన్న బోర్డు మీద అతికించి ఉంటాయి, పటం ఉండదు, పోతే బోర్డుకి బోర్డే మార్చాలి. అదే బోర్డు దొరక్కపోతే ఆట సాఫ్ట్‌వేరూ దాంతోపాటే పోయినట్టు. నలభై ఏళ్ల నాటి మెషీను ఇంకా మరమ్మతుకు లొంగుతుంది, నాలుగేళ్ల నాటిది లొంగదు. ఇంటర్నెట్ మీద ఆధారపడే మెషీన్లకు ఇంకో గండం ఉంది. ఆన్‌లైన్ పోటీ, స్కోర్ల పట్టిక కంపెనీ సర్వరు నడిచినంత కాలమే. సర్వరు ఆపేస్తే ఏ ఆటలు మిగులుతాయో కొనేముందే వైఫై తీసేసి చూడాలి. అలా చూపించనన్న అమ్మకందారు దగ్గర ఆగక్కర్లేదు.

ఇక ధర లెక్క. కొత్త మెషీను రిటైల్ ధరను చూసి సెకండ్ హ్యాండ్ ధర ఊహించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అమెరికాలో నవంబరు చివర బ్లాక్ ఫ్రైడేకి తగ్గింపులు, పండగలయ్యాక మిగిలిన స్టాకు వదిలించుకునే అమ్మకాలు ఉంటాయి. 400 డాలర్ల పెట్టె ఎప్పుడో ఒకసారి 200కి కొత్తదే దొరికిందంటే, ఆ మోడలు ధరకి అదే పైకప్పు, అంతకు మించి పెరగదు. వాడినదానికి అంతకుమించి ఎవరూ ఇవ్వరు, ఇచ్చేవాడికి పాత ధరలు తెలియక తప్ప. కాబట్టి అమ్మేవాడు అడిగే ధరకి కాక, ఆ మోడలు ఇప్పటిదాకా పలికిన అత్యల్ప కొత్త ధరకి చీటీ రాసుకుని అక్కడి నుంచి కిందికి దిగాలి. ధరకి రెండో పైకప్పు రవాణా. ఈ బరువును కొరియరులో పంపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే బేరం గంట కారు దూరంలోపే జరుగుతుంది. అదే మెషీనుకి చుట్టుపక్కల కొనేవాళ్లు ఎక్కువున్న పెద్ద నగరంలో ఒక ధర, మూలనున్న చిన్న ఊళ్లో ఇంకో ధర.

ఈ రెండు పైకప్పుల్నీ పగలగొట్టేది హక్కుల చిక్కు ఒక్కటే. కొన్ని పాత ఆటల్లో కార్టూన్ పాత్రలో, సినిమా పేరో, క్రీడాకారుల ముఖాలో ఉంటాయి. ఆట తయారుచేసిన కంపెనీ ఒక్కటే ఒప్పుకుంటే సరిపోదు, అందరి సంతకాలూ పడాలి. కొనామీ కంపెనీ 1991లో చేసిన సింప్సన్స్ కార్టూన్ ఆట 2012లో డౌన్‌లోడ్‌గా వచ్చి రెండేళ్లు తిరక్కుండానే దుకాణాల్లోంచి మాయమైంది. 2021లో ఇంటి ఆర్కేడ్ రూపంలో రావడంతో దాన్ని చట్టబద్ధంగా ఇంట్లో ఆడాలంటే ఆ పెట్టే ప్రధానమైన దారి అయ్యింది. అలాంటివాటికి ధర నిలవడంలో వింత లేదు. పాక్‌మన్‌కి ఆ బలం లేదు. అది ఫోన్‌లో ఉంది, టీవీకి తగిలించే బొమ్మలో ఉంది, తాళంచెవికి వేలాడే బిళ్లలోనూ ఉంది. ఆటగా అదే గొప్పది కావచ్చు, సరుకుగా మాత్రం అన్ని సంతల్లోనూ దొరికేదే.

అయితే ఈ బలాన్ని నమ్మి పెట్టుబడి అనుకునేవాళ్లకు మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే కొట్లాట ఆట కథ చెప్పాలి. 2013 చివర్లో అది డిజిటల్ దుకాణాల నుంచి తీసేయడంతో ఏళ్ల తరబడి అభిమానులు దానికోసం మొహం వాచిపోయారు. అది ఉన్న ఇంటి ఆర్కేడ్‌కి ఆ కరువు వల్లే గిరాకీ. 2024లో దాన్ని తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీ ఆ ఆటతో కలిపి ఏడింటిని ఒకే సంకలనంగా స్విచ్, ప్లేస్టేషన్, కంప్యూటరులకు విడుదల చేసింది. ఒక్క వీడియో గేము ధరకి ఏడూ చేతికొచ్చాయి. పెట్టెకి పెట్టెగా ఉన్న విలువ పోలేదు, కరువు వల్ల వచ్చిన విలువ మాత్రం కరిగింది. నింజా తాబేళ్ల ఆటలకు 2022లో వచ్చిన సంకలనంతోనూ ఇదే జరిగింది. పెట్టె విప్పకుండా గ్యారేజీలో దాచి ధర పెరుగుతుందని కూచునేవాళ్ల లెక్క ఇలా ఎవరో దూరాన పెట్టిన సంతకంతో తలకిందులవుతుంది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఇంకోటి ఉంది. తొంభైల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ షాపుకి రూపాయి బిళ్లలతో పరిగెత్తినవాళ్లు ‘ముస్తఫా గేమ్’ మరిచిపోరు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ చేసింది. నలుగురు పాత్రల్లో ఒకడైన ముస్తఫా పేరే మన దేశంలో ఆటకి పేరైపోయింది. కామిక్ పుస్తకం ఆధారంగా, ఒక కారు బ్రాండు పేరుతో వచ్చిన ఆ ఆర్కేడ్ ఆట అధికారికంగా ఇంటి మెషీన్లకు రానేలేదు. అందుకే అది కావాలన్న మనవాళ్లు చివరికి పండోరా బాక్స్ దగ్గర తేలతారు. రెండు స్టిక్కులు, బటన్లు ఉన్న ఆ బల్లపరుపు పెట్టెను టీవీకి తగిలిస్తే చాలు, వేల ఆటలని అట్ట మీద రాసి ఉంటుంది. ఆ వేలల్లో ఒకే ఆట వేర్వేరు పేర్లతో పదిసార్లు లెక్కకొస్తుంది, చాలావాటికి హక్కులు కొన్న పాపాన పోలేదు. ఆడుకోవడానికి సరదాయే. తిరిగి అమ్మే విలువ మాత్రం లేనట్టే లెక్కవేసుకోవాలి. ఆటల్లో దొంగ కాపీలున్న సరుకును పెద్ద వెబ్‌సైట్లు ప్రకటనల్లోంచి తీసేయవచ్చు. పైగా అదే పెట్టె కొత్త వెర్షను మరిన్ని ఆటలతో అదే ధరకి వస్తూనే ఉంటుంది.

బ్రాండెడ్ మెషీను లోపల రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు పెట్టి వేల ఆటలు నింపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. చేసినవాడు దాన్ని విలువ పెంచడం అనుకుంటాడు. ఏరి కొనేవాళ్లు మాత్రం పక్క పలకకు కొట్టిన రంధ్రం చూసి వెనక్కి తిరుగుతారు. రంధ్రం కొట్టకుండా, పాత బోర్డూ పాత స్టిక్కులూ ఒక సంచిలో వేసి పెట్టె అడుగున ఉంచితే రెండు రకాల బేరగాళ్లకూ సరిపోతుంది. సాన్వా స్టిక్కులకు పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు. వాటిని విప్పి మనమే ఉంచుకుని పాతవి బిగించి ఇవ్వడం లాభం. బొమ్మల సంగతి ఇంకా కఠినం. తొలి ఏళ్ల చవక మెషీన్లలో కంట్రోల్ ప్యానెల్ మీది బొమ్మ అరచేతుల రాపిడికి చెరిగిపోయేది. కొత్త స్టిక్కర్లు వేయించుకోవచ్చు, కానీ అసలు రంగు కాదని తెలిసినవాడు ఇట్టే పసిగడతాడు. కొన్న రోజునే పలచటి పారదర్శక కవరు వేసినవాళ్లకు ఆ తర్వాత కనీసం ఆ బెడద తప్పుతుంది.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మూవింగ్ సేల్ అంటే సోఫా, టీవీ, డైనింగ్ టేబుల్ పక్కన ఇప్పుడు అప్పుడప్పుడూ ఇలాంటి మెషీను కూడా కనిపిస్తుంది. ఇండియాకి తిరిగి వెళ్లేవాళ్లు వారంలో ఇల్లు ఖాళీ చేయాలి కాబట్టి ధర వాళ్ల చేతిలో ఉండదు. అలాంటి చోట కొనేవాడు అడగవలసినవి కొన్నే. అది ఎన్ని ఇళ్లు మారింది, బయటి అట్టపెట్టె, మాన్యువల్ ఉన్నాయా, వెళ్లేసరికి ఆన్ చేసి ఉంచకుండా చల్లగా ఉన్నప్పుడు తమ ముందే ఆన్ చేస్తారా. అరగంట నడిచాక తెరమీద గీత వస్తే అది మొదటి నిమిషంలో కనిపించదు. తాపీగా రెండాటలు ఆడి చూడాలి, స్కోరు పోయిందని మాత్రం తగ్గింపు అడగక్కర్లేదు. కరెంటు తీస్తే హై స్కోరు మరచిపోవడం 1980 పాక్‌మన్‌కి కూడా ఉన్న అలవాటే.

అమ్మకుండా సామాన్లతో పాటు ఇండియాకి తెచ్చుకుందామనుకునేవాళ్లు ముందు అడాప్టరు మీది చిన్న అక్షరాలు చదవాలి. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టరు మీద 100 నుంచి 240 దాకా అని ఉంటే ప్లగ్గు మారిస్తే సరి. 120 ఒక్కటే ఉంటే, మెషీనుకి పాతది పంపే వోల్టేజి, ఆంపియర్లు (ఔట్‌పుట్ అని రాసి ఉన్నవి) అంతే ఇచ్చే 230 వోల్టుల అడాప్టరు ఇక్కడ కొని పెట్టుకోవాలి. కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్లలో మెషీను నేలకి ఆనకుండా అడుగున రబ్బరు కాళ్లు వేసి, తడిగుడ్డతో ఇల్లు తుడిచే మనిషికి ఆ మూల వదిలేయమని చెప్పాలి.